నాలుగు పరికరాలు, ఒకే అకౌంట్: ఇంట్లో ఎవరి మెసేజ్‌లు వాళ్లకే రావాలంటే

ప్రశ్న: నాకు, మావారికి, పదిహేనేళ్ల మా అమ్మాయికి ఐఫోన్లున్నాయి. పదకొండేళ్ల బాబు దగ్గర ఐప్యాడ్ ఉంది. కొన్న యాప్‌లు అందరికీ పనికొస్తాయని మొదటినుంచీ అన్నిటిలోనూ మావారి యాపిల్ అకౌంటే పెట్టుకున్నాం. ఇప్పుడు అమ్మాయి స్నేహితుల మెసేజ్‌లు నా ఫోన్‌లో, నావి మావారి ఫోన్‌లో, ఆయన ఆఫీసు సంగతులు బాబు ఐప్యాడ్‌లో కనిపిస్తున్నాయి. నేను మా చెల్లెలితో మనసు విప్పి చెప్పుకున్న మాటలు మావారు చదివారు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. "నా మెసేజ్‌లు చదువుతున్నావా?" అని అమ్మాయి నన్ను నిలదీసింది. నేను వెతికి చదవలేదు, అవే నా కళ్ల ముందుకొచ్చాయి. మా అత్తగారి ఆండ్రాయిడ్ ఫోన్‌లో నా జీమెయిల్ పెట్టాను, అక్కడ కాంటాక్టులన్నీ కలిసిపోయాయి. వీటన్నిటినీ విడదీయడం ఎలా? ఇంకో మాట కూడా దాచకుండా రాస్తున్నాను. విడదీస్తే అమ్మాయి ఎవరితో ఏం మాట్లాడుతోందో నాకు తెలియకుండా పోతుందేమోనని భయంగా ఉంది.

సమాధానం: ముందుగా ఒకటి చెప్పాలి. మీ ఇంట్లో ఎవరూ ఎవరి మీదా నిఘా పెట్టలేదు. ఇది మీ అమ్మాయికీ మీవారికీ కూడా చదివి వినిపించండి. ఫోన్‌కి మీ కుటుంబంలో ఎంతమంది ఉన్నారో తెలియదు. దానికి తెలిసిందల్లా అకౌంట్ ఒక్కటే. ఒకే అకౌంట్ నాలుగు పరికరాల్లో ఉంటే, ఒకే మనిషి నాలుగు పరికరాలు వాడుతున్నాడనుకుంటుంది. ఆ మనిషికి వచ్చిన మెసేజ్ నాలుగింటిలోనూ చూపించడమే తన పని అనుకుంటుంది. పొరపాటు జరిగింది మొదటి రోజు సెట్టింగ్ దగ్గర. ఆ పొరపాటు చేయని ఇల్లు అరుదు. ఇంట్లో ఒకరు కొత్త ఫోన్ కొనుక్కుని, పాతది లోపల ఉన్నదంతా ఉండగానే పిల్లల చేతికిస్తారు. సాధారణంగా ఇదంతా అక్కడే మొదలవుతుంది.

ఐఫోన్ మెసేజెస్ యాప్‌లో రెండు రకాల మెసేజ్‌లు ఒకేచోట కనిపిస్తాయి. ఆకుపచ్చ బుడగలో వెళ్లేవి మామూలు ఎస్ఎమ్ఎస్ లాంటివి, ఇవి మీ సిమ్ నంబరు మీద నడుస్తాయి. నీలం బుడగలో వెళ్లేది ఐమెసేజ్. 2011లో వచ్చిన ఈ సర్వీసు ఇంటర్నెట్ మీద, యాపిల్ అకౌంట్ మీద నడుస్తుంది. దీనికి మీ ఫోన్ నంబరే కాదు, అకౌంట్‌లో ఉన్న ఈమెయిల్ కూడా చిరునామానే. మీ చెల్లెలి ఫోన్‌లో మీ పేరు కింద మీవారి ఈమెయిల్ ఉండి, మెసేజ్ దానికి వెళుతూ ఉంటే, ఆ మాటలు నలుగురికీ చేరతాయి. దీనికి తోడు 2018లో మెసేజ్‌లను ఐక్లౌడ్‌లో, అంటే యాపిల్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్‌లో, దాచుకునే వీలు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే పాత సంభాషణలు కూడా అన్ని పరికరాల్లోకీ వచ్చేస్తాయి, ఎస్ఎమ్ఎస్‌లతో సహా. ఒకచోట డిలీట్ చేస్తే అన్నిచోట్లా పోతాయి. ఈ చివరి మాట బాగా గుర్తుపెట్టుకోండి, కిందికి వెళ్లాక దీంతో పెద్ద పని పడుతుంది.

బ్యాంకు ఓటీపీల గురించి మీరు రాయలేదు, కానీ నాకు అదే ముందు తట్టింది. మీకు వచ్చిన ఓటీపీ బాబు ఐప్యాడ్‌లో కూడా కనిపిస్తోందేమో ఈరోజే చూడండి. పిల్లాడు ఆ ఐప్యాడ్‌ని నలుగురిలోకీ తీసుకెళ్తాడు, స్నేహితుల చేతికిస్తాడు. మనసులో మాట ఒకరు చదివితే రెండు రోజుల్లో సర్దుకుంటుంది. డబ్బు పోతే అలా సర్దుకోదు.

అందుకే అసలు పని మొదలుపెట్టే ముందు, ఈ రాత్రికి ఒక తాత్కాలిక ఏర్పాటు చేసుకోండి. పావుగంట పని. మీ ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి మెసేజెస్‌లోకి వెళ్లండి. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 నుంచి ఇది సెట్టింగ్స్‌లో అట్టడుగున ఉండే యాప్స్ అనే భాగంలోకి మారింది. అందులో సెండ్ అండ్ రిసీవ్ అని ఉంటుంది. దాన్ని తెరిస్తే నంబర్లు, ఈమెయిళ్లు వరసగా కనిపిస్తాయి. మీ నంబరు ఒక్కదానికే టిక్ ఉంచి మిగతావన్నీ తీసేయండి. అక్కడే కొత్త సంభాషణ ఎక్కడినుంచి మొదలుకావాలో అడుగుతుంది, అక్కడా మీ నంబరే ఎంచుకోండి. తర్వాత టెక్స్ట్ మెసేజ్ ఫార్వర్డింగ్‌లోకి వెళ్లి, అక్కడ కనిపించే మిగతా పరికరాలన్నీ ఆఫ్ చేయండి. ఓటీపీలు ఐప్యాడ్‌కి వెళ్లే దారుల్లో ఇదొకటి. రెండో దారి ఐక్లౌడ్. సెట్టింగ్స్‌లో పైన కనిపించే పేరు మీద నొక్కి, ఐక్లౌడ్‌లో మెసేజెస్ అన్నది ప్రతి పరికరంలోనూ ఆఫ్ చేయండి. మెసేజ్‌లను ఫోన్‌లోకి దించుకోవాలా అని అడిగితే అవునని చెప్పి, పూర్తిగా దిగేదాకా ఆగండి. ఐక్లౌడ్ స్టోరేజ్ పేజీలో మెసేజ్‌లను ఆపి డిలీట్ చేసే బటన్ ఒకటి వేరే ఉంటుంది. దాని జోలికి వెళ్లకండి, అది అందరి మెసేజ్‌లనూ క్లౌడ్‌లోంచి తీసేస్తుంది.

ఇదే పని మిగతా రెండు ఫోన్లలోనూ చేయాలి, యాపిల్ వీడియో కాల్ యాప్ ఫేస్‌టైమ్ సెట్టింగ్‌లోనూ చేయాలి. మీవారికి కాల్ వస్తే ఇల్లంతా మోగుతుంటే, ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్స్ ఆన్ అదర్ డివైజెస్ ఆఫ్ చేయండి. ఐప్యాడ్‌కి సిమ్ నంబరు లేదు కాబట్టి, బాబుకి సొంత అకౌంట్ వచ్చేదాకా అందులో ఐమెసేజ్ పూర్తిగా ఆపేయడమే మంచిది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మీరు ఆగకండి. టిక్కులు తీసేస్తే మెసేజ్‌లు వేరవుతాయి గానీ అకౌంట్ ఒకటే కాబట్టి ఫొటోలు, కాంటాక్టులు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు, ఎవరు ఎక్కడున్నారో చూపించే ఫైండ్ మై, అన్నీ కలిసే ఉంటాయి. పైగా ఏ అప్‌డేట్ తర్వాతో, ఎవరో మళ్లీ సైన్ ఇన్ చేసినప్పుడో ఒక టిక్ తిరిగి పడితే కథ మొదటికొస్తుంది. అకౌంట్ ఒకటే కావడంతో మా ఇంట్లో కాంటాక్టుల దగ్గర ఇలాగే చిక్కొచ్చింది. నేను అక్కర్లేదనుకుని చెరిపేసిన ఒక నంబరు, మా నాన్నగారికి రోజూ కావలసిన నంబరు. ఆయన తన చేత్తో ఏదో నొక్కేశాననుకుని వారం రోజులు బాధపడ్డారు, నాకు చెప్పడానికి మొహమాటపడ్డారు. తెలిసినప్పుడు నాకెంత కష్టమనిపించిందో! ఆ వారాంతమే కూర్చుని ఇంట్లో అందరికీ వేరువేరు అకౌంట్లు చేశాను.

అసలు పరిష్కారం అదే, మనిషికో అకౌంట్. యాప్‌లు పంచుకోవాలనే కదా మీరు ఒకే అకౌంట్ పెట్టుకున్నారు. దానికి 2014లోనే ఫ్యామిలీ షేరింగ్ అనే ఏర్పాటు వచ్చింది. ఒకరు కుటుంబాన్ని మొదలుపెట్టి ఇంకో ఐదుగురిని చేర్చుకోవచ్చు, మొత్తం ఆరుగురు. పంచుకోవడానికి వీలున్న యాప్‌లు, డబ్బు కట్టే ఐక్లౌడ్ స్టోరేజ్ అందరికీ అందుతాయి. స్టోరేజ్ ఒకటే అయినా ఎవరి ఫొటోలు వాళ్లవే, ఎవరి మెసేజ్‌లు వాళ్లవే. అయితే కొనుగోళ్లు పంచుకోవడం ఆన్‌లో పెడితే, ఎవరు ఏది కొన్నా బిల్లు కుటుంబాన్ని మొదలుపెట్టినవాళ్ల కార్డుకే పడుతుంది. పిల్లలకి ఆస్క్ టు బై పెట్టండి. వాళ్లు ఏదైనా తీసుకోబోతే ముందు మీ అనుమతి అడుగుతుంది.

పాత అకౌంట్ ఎవరికి ఉండాలి? ఎవరి పేరుతో, ఎవరి ఈమెయిల్‌తో మొదలైందో వాళ్లకే. అంటే మీవారికి. కొన్న యాప్‌లన్నీ దానికే కట్టుబడి ఉంటాయి. మీరూ మీ అమ్మాయీ కొత్త అకౌంట్లు తెరుచుకుంటారు. బాబుకి పదకొండేళ్లే కాబట్టి తనంతట తాను తెరవలేడు. మీవారు ఫ్యామిలీ షేరింగ్ లోపలినుంచి పిల్లల అకౌంట్ తెరవాలి. ఈ వయసు హద్దు చాలా దేశాల్లో 13, కొన్నిచోట్ల వేరు.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి, తొందరపడితే చేతులు కాలేది ఇక్కడే. అకౌంట్లు విడిపోకముందు ఎవరూ ఏదీ చెరపకూడదు. అమ్మాయి తన ఫోన్ శుభ్రం చేసుకుందామని మీ కాంటాక్టులు డిలీట్ చేస్తే, అవి మీ ఫోన్‌లోంచీ పోతాయి. ఫొటోలూ అంతే. ముందు విడిపోవాలి, ఆ తర్వాతే చెత్త ఏరుకోవాలి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఈ ఒక్క మాట ఒప్పించండి.

ఒక రోజుకి ఒక్క ఫోన్ చేయండి. మొదట మీది. సైన్ అవుట్ చేయడానికి ముందే ఫొటోల సెట్టింగ్ చూడండి. స్టోరేజ్ ఆదా చేసే ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఫోన్‌లో ఉన్నవి చిన్న సైజు కాపీలు మాత్రమే, అసలువి ఐక్లౌడ్‌లో ఉంటాయి. అసలు ఫొటోలు ఫోన్‌లోకే దిగే ఆప్షన్ ఎంచుకుని రాత్రంతా ఛార్జింగ్‌లో, వైఫైలో వదిలేయండి. వీలైతే కంప్యూటర్‌లోకి ఒక కాపీ తీసి, ఫోన్ మొత్తానికి అక్కడే ఒక బ్యాకప్ కూడా చేసుకోండి. ఈ ఒక్కపని చేస్తే మిగతాదంతా నిశ్చింతగా చేయొచ్చు.

తర్వాత సెట్టింగ్స్‌లో పేరు మీద నొక్కి, అట్టడుగున ఉన్న సైన్ అవుట్ ఎంచుకోండి. ఫైండ్ మై ఆపడానికి పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది, కాబట్టి ఆ సమయానికి మీవారు పక్కనే ఉండాలి. ఏవేవి ఈ ఫోన్‌లో కాపీగా ఉంచాలని అడుగుతుంది. కాంటాక్టులు, క్యాలెండర్ లాంటివన్నీ ఉంచమనండి. ఎక్కువైతే తర్వాత తీసేయొచ్చు, పోతే తేవడం కష్టం. ఆ తర్వాత మీ కొత్త అకౌంట్‌తో సైన్ ఇన్ చేసి, ఫోన్‌లో ఉన్నవాటిని కలపాలా అంటే అవునని చెప్పండి. సెండ్ అండ్ రిసీవ్‌లోకి మళ్లీ వెళ్లి, అక్కడ మీ నంబరూ మీ ఈమెయిలూ తప్ప ఇంకేమీ లేవని చూసుకోండి. నంబరు పక్కన యాక్టివేషన్ కోసం కాసేపు ఎదురుచూడాల్సి రావచ్చు, టెన్షన్ పడకండి.

వాట్సాప్ చాట్‌లు ఎక్కడికీ పోవు, అది నంబరు మీద నడుస్తుంది. కానీ దాని బ్యాకప్ పాత ఐక్లౌడ్ అకౌంట్‌లో ఉండిపోతుంది. కొత్త అకౌంట్‌లోకి రాగానే వాట్సాప్‌లో చాట్ బ్యాకప్ మళ్లీ తీసుకోండి. పనిలో పనిగా అందులో లింక్డ్ డివైజెస్ కూడా చూడండి. ఒక వాట్సాప్‌ని ఫోన్ కాకుండా ఇంకో నాలుగు పరికరాల వరకూ కలపొచ్చు. ఎప్పుడో ఇంట్లో కంప్యూటర్‌లో తెరిచి మరిచిపోయినది ఇంకా తెరిచే ఉందేమో. గుర్తుపట్టలేనిది ఏదున్నా లాగ్ అవుట్ చేసేయండి.

మీ అత్తగారి ఫోన్ సంగతి వేరు. ఆండ్రాయిడ్‌లో జీమెయిల్ ఒకటే అయినంత మాత్రాన ఎస్ఎమ్ఎస్‌లు సాధారణంగా కలిసిపోవు. మెసేజెస్ యాప్‌లో డివైస్ పెయిరింగ్ అనేచోట వేరే పరికరం ఏదైనా కలిపి ఉంటేనే వెళతాయి, ఒకసారి తెరిచి చూడండి. శామ్‌సంగ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో కాల్ అండ్ టెక్స్ట్ ఆన్ అదర్ డివైజెస్ ఆఫ్‌లో ఉందో లేదో కూడా చూడాలి. కానీ మీ జీమెయిల్ ఆవిడ దగ్గర ఉండటం వల్ల మీ మెయిళ్లు, క్రోమ్‌లో దాచిన మీ పాస్‌వర్డ్‌లు, బ్యాకప్ అయ్యే ఆవిడ ఫొటోలు, కాంటాక్టులు అన్నీ ఒకే బుట్టలో పడుతున్నాయి. ఆవిడకి సొంత గూగుల్ అకౌంట్ తెరవండి, 15 జీబీ స్టోరేజ్ ఉచితంగా వస్తుంది. పాత కాంటాక్టులను కాంటాక్ట్స్ యాప్‌లోంచి ఒక ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త అకౌంట్‌లోకి తెచ్చుకోండి. ఫొటోలకి కాపీ తీసుకోండి. వాట్సాప్ బ్యాకప్‌ని కొత్త అకౌంట్‌కి మార్చండి. ఇవన్నీ అయ్యాకే మీ జీమెయిల్ తీసేయండి. పాస్‌వర్డ్ ఆవిడ చేతే ఒక కాగితం మీద రాయించండి. రికవరీ నంబరుగా మీది ఇవ్వొచ్చు, కానీ ఆవిడకి చెప్పి ఇవ్వండి. పెద్దవాళ్లకేం తెలుసులే అని వాళ్ల ఫోన్ మనమే నడిపేస్తుంటాం. వాళ్లకీ స్నేహితులుంటారు, చెప్పుకునే బాధలుంటాయి, కోడలు చదవకూడదనుకునే మాటలూ ఉంటాయి.

ఇక మీరు దాచకుండా రాసిన మాట. అమ్మాయి గురించిన భయం. అది రాసినందుకు మిమ్మల్ని తప్పుపట్టను, ఆ భయం లేని తల్లి ఉండదు. కానీ ఇప్పుడు మీకు కనిపిస్తున్నది కాపలా అనుకోకండి. ఒక వాక్యం ముక్క కనిపిస్తుంది, దాని ముందూ వెనకా తెలియదు. పదిహేనేళ్ల పిల్లలు స్నేహితులతో వాడే భాష మనకి సగం అర్థంకాదు. ఆ సగంతో మీరు రాత్రంతా నిద్రపోరు. ఇంకోపక్క మీరు చదువుతున్నారని తనకి తెలిసిపోయింది. కాబట్టి తను నిజంగా చెప్పుకోవలసినవి ఇప్పటికే ఇంకెక్కడో చెప్పుకుంటూ ఉండొచ్చు. అంటే మీ దగ్గర మిగిలింది మీకు టెన్షన్ పెట్టే మెసేజ్‌లు, మీ మీద తగ్గిన నమ్మకం.

ఫోన్లు విడదీసే ముందే తనతో కూర్చోండి. చూసినవి చూశానని చెప్పండి. కావాలని కాదని చెప్పండి, కానీ మొదటిసారి కనిపించినప్పుడే చెప్పకపోవడం పొరపాటని కూడా ఒప్పుకోండి. అమ్మ పొరపాటు ఒప్పుకోవడం పిల్లలు చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు. చూసినవాటిలో నిజంగా కంగారుపెట్టేది ఏదైనా ఉంటే, ఎవరైనా తనని బెదిరిస్తున్నట్టో, ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లు మాట కలుపుతున్నట్టో, తన ప్రాణానికి తానే హాని చేసుకునే ఆలోచనలున్నట్టో అనిపిస్తే, అది వెంటనే ఎత్తి మాట్లాడాల్సిన విషయం. అప్పుడు ప్రైవసీ గురించి ఆలోచిస్తూ ఆగకండి, అవసరమైతే డాక్టర్ సాయం తీసుకోండి. మామూలు కబుర్లయితే మాత్రం వాటిని మీ నోటినుంచి ఎప్పటికీ రానివ్వకండి, దెప్పడానికి అసలే వద్దు.

తనకి సొంత అకౌంట్ ఇస్తూనే కొన్ని హద్దులు తనకి తెలిసేలా పెట్టవచ్చు. స్క్రీన్ టైమ్‌లో రాత్రి ఎన్నింటికి ఫోన్ ఆగాలో, తను ఎవరెవరితో మాట్లాడవచ్చో పెట్టే ఏర్పాట్లున్నాయి. కొత్త యాప్ వేసుకోవాలంటే అడగాలనే ఏర్పాటూ ఉంది. వీటిలో ఏదీ తన మెసేజ్‌లు మీకు చదివి వినిపించదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పదకొండేళ్ల బాబుకి ఇవన్నీ గట్టిగా పెట్టండి, ఐప్యాడ్ హాల్లోనే ఉండాలనండి. పదిహేనేళ్ల అమ్మాయికి తనతో మాట్లాడి, తను ఒప్పుకున్నవి పెట్టండి, ఆరు నెలలకోసారి సడలించండి. తెలియకుండా మెసేజ్‌లు చూపించే యాప్‌లు ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి. అది బయటపడిన రోజున తను మీకు చెప్పుకోవడం మానేస్తుంది.

మీవారి సంగతి కూడా ఒక మాట. చెల్లెలితో అన్న మాటలు ఆయన చదివారని మీరు సిగ్గుపడుతున్నట్టు ఉత్తరంలో కనిపించింది. మనసులో బరువు తోబుట్టువుతో దించుకోవడం తప్పు కాదు. ఆయనకి కష్టం కలగడమూ సహజమే. ఆ మాటల్లో నిజమున్న భాగం ఏదైనా ఉంటే, అది ఈసారి మీరే ఆయనతో నేరుగా చెప్పండి. ఫోన్ చెప్పిన తీరు కన్నా మీరు చెప్పే తీరు మెత్తగా ఉంటుంది.

అన్నీ అయ్యాక ఒక పరీక్ష పెట్టుకోండి. పరికరాలన్నీ బల్ల మీద పెట్టి, ఒక్కొక్కరికీ ఒక మెసేజ్ పంపి చూడండి. ఒక్కటే వెలగాలి. రెండు వెలిగితే ఆ రెండో పరికరంలో సెండ్ అండ్ రిసీవ్ మళ్లీ తెరవండి. మీవారి అకౌంట్ కింద కనిపించే పరికరాల జాబితా కూడా తప్పకుండా చూడండి. ఎప్పుడో డ్రాయర్‌లో పడేసిన పాత ఫోన్, ఎవరికో ఇచ్చేసిన ట్యాబ్ అందులో ఇంకా ఉండవచ్చు. వాటిని తీసేయండి, పాస్‌వర్డ్ మార్చండి. చివరగా మీ చెల్లెలికి ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టకండి. తన ఫోన్‌లో మీ కాంటాక్ట్ తెరిచి మీవారి ఈమెయిల్ ఉంటే తీసేయమనండి. పాత సంభాషణలో కాకుండా మీ నంబరుకి కొత్తగా ఒక మెసేజ్ పంపమనండి. పాత దాంట్లోనే రాస్తే అది పాత చిరునామాకే వెళ్లే అవకాశం ఉంది.